కాలువలు, కుళాయిలు, ఇంటి స్థలాలు: పటేల్ పాలన నేర్చుకున్న చోటు

సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పేరు వినగానే తెలుగువారికి 1948 సెప్టెంబరు గుర్తొస్తుంది. హైదరాబాద్‌పై పోలీసు చర్య, సంస్థానాల విలీనం, ఉక్కుమనిషి బిరుదు మనసులో మెదులుతాయి. అంతకు మూడు దశాబ్దాల ముందు ఆయన ఒక మునిసిపల్ కౌన్సిలర్. తన వార్డులో కుళాయికి నీళ్లొస్తున్నాయా, మురుగు పోతోందా, పన్ను ఎవరు ఎగ్గొట్టారు అన్నవే అప్పటి ఆయన తగవులు. విగ్రహాలకెక్కిన పటేల్ కంటే ఆ కౌన్సిలర్ పటేల్ మన పట్టణాలకు ఎక్కువ పనికొస్తాడు.

పటేల్ 1875లో నడియాడ్‌లో పుట్టారు. సొంతూరు కరంసద్. జిల్లా ప్లీడరుగా సంపాదించుకున్న డబ్బుతో, భార్య పోయిన మరుసటి ఏడాది 1910లో, లండన్ వెళ్లి బారిస్టర్ చదివారు. 1913లో తిరిగొచ్చి అహ్మదాబాద్‌లో ప్రాక్టీసు పెట్టారు. దొరల దుస్తులు వేసుకుని సాయంత్రాలు గుజరాత్ క్లబ్బులో పేకాడే ఆ లాయరుకు మొదట్లో రాజకీయాలంటే పెద్ద ఆసక్తి లేదు. మిత్రుల ఒత్తిడితో 1917 ఆరంభంలో దరియాపూర్ వార్డు ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు.

ఆయన అడుగుపెట్టిన నగరం మామూలుది కాదు. 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ అక్కడ తొలి బట్టల మిల్లు పెట్టారు. తర్వాత మిల్లు మీద మిల్లు లేచింది. పల్లెల నుంచి కూలీలు వచ్చిపడ్డారు. మిల్లుల చుట్టూ చాళ్లనే వరుస గదుల్లో, గాలీ వెలుతురూ లేని చోట సర్దుకున్నారు. పాత నగరం పదిహేనో శతాబ్దపు కోటగోడ లోపల ఇరుకు సందుల్లో కిక్కిరిసి ఉండేది. రణఛోడ్‌లాలే పురపాలక అధ్యక్షుడై పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కుళాయి నీళ్లు, భూగర్భ మురుగు కాలువలు తెచ్చారు. అప్పట్లో పన్నులకు భయపడి ఊళ్లో పెద్దలే ఆయనను ఎదిరించారు. పటేల్ వచ్చేసరికి జనాభా మూడు లక్షలకు చేరువవుతోంది, కాలువలు మాత్రం చాలినన్ని లేవు.

అధికారిని ప్రశ్నించిన సభ్యుడు

అప్పటికి పురపాలక సంఘంలో అసలు అధికారం ప్రభుత్వం పంపిన ఐసీఎస్ కమిషనర్ చేతిలో ఉండేది. షిల్లిడీ అనే ఆ అధికారి సభ్యుల మాట లెక్కచేసేవాడు కాదు. ఉపన్యాసాలు దంచే సభ్యులు అంతకుముందూ ఉన్నారు. పటేల్ మాత్రం ఫైళ్లు తెప్పించుకుని చదివారు. ఒక చెరువు భూమి వివాదంలో కమిషనర్ నడిపిన వ్యవహారాన్ని కోర్టులో సాక్షిని నిలదీసినట్టు తేదీలు, ఉత్తరాలు, ఉత్తర్వులు ముందు పెట్టి ఎండగట్టారు. చివరికి ప్రభుత్వం ఆ అధికారిని అక్కడినుంచి తప్పించాల్సి వచ్చింది. వలస పాలనలో ఒక వార్డు సభ్యుడు ఇంత పని చేయడం చిన్న విషయం కాదు.

అదే ఏడాది నగరానికి ప్లేగు వచ్చింది. కోర్టులు, బడులు మూతపడ్డాయి. స్తోమత ఉన్నవాళ్లు ఊరొదిలారు. పారిశుద్ధ్య సంఘం బాధ్యత మోస్తున్న పటేల్ ఊరు వదలలేదు. వీధివీధీ తిరిగి కాలువలు తీయించారు, మందు చల్లించారు. మరుసటి ఏడాది ఖేడా రైతుల పన్ను నిరాకరణలో గాంధీ వెంట నడిచాక ఆయన రాజకీయం పూర్తిగా మారింది. క్లబ్బు దుస్తులు పోయి ఖద్దరు వచ్చింది.

సహాయ నిరాకరణ రోజుల్లో ఈ రెండు జీవితాలూ ఒకటయ్యాయి. పురపాలక బడులకు ప్రభుత్వ గ్రాంటు వద్దు, తనిఖీలూ వద్దని సభ్యులు తీర్మానించారు. ప్రభుత్వం 1922లో పాలకవర్గాన్నే పక్కనపెట్టి తన మనుషులతో కమిటీ వేసింది. బడుల మీద పెట్టిన ఖర్చును సభ్యుల సొంత జేబుల నుంచి రాబట్టాలని దావా కూడా వేసి, అందులో ఓడిపోయింది.

అధ్యక్షుడి అయిదో పని దినం కాదు, నాలుగేళ్ల పని

1924 ఎన్నికల తర్వాత పటేల్ అధ్యక్షుడయ్యారు. కాంగ్రెస్ పెద్దలు పురపాలక సంఘాల్లోకి వెళ్లిన కాలమది. కలకత్తాలో చిత్తరంజన్ దాస్ మేయరు, సుభాష్ బోస్ ముఖ్య కార్యనిర్వహణాధికారి. అలహాబాద్‌లో నెహ్రూ, బొంబాయి కార్పొరేషన్‌లో పటేల్ అన్న విఠల్‌భాయ్. వీరిలో చాలామంది త్వరగానే పెద్ద రాజకీయాలకు మళ్లారు. పటేల్ నాలుగేళ్లు ఆ కుర్చీలో కుదురుగా కూర్చున్నారు.

ముందుగా పన్నుల బకాయిలు. పలుకుబడి ఉన్న బకాయిదారులనూ వదల్లేదు. ఆ తర్వాత నీటి సరఫరా పెంపు, మురుగు కాలువల విస్తరణ. ఇళ్ల కొరతకు ఆయన పట్టుకున్న సాధనం పట్టణ ప్రణాళిక పథకం. 1915లో వచ్చిన బొంబాయి పట్టణ ప్రణాళిక చట్టం దేశంలో ఆ కోవలో మొదటిది. దాని కింద ఒక ప్రాంతంలోని చిన్నా పెద్దా భూములన్నిటినీ కలిపి కొత్తగా గీస్తారు. రోడ్లకు, ఖాళీ స్థలాలకు కొంత తీసుకుని, మిగిలింది చక్కటి ప్లాట్లుగా పాత యజమానులకే తిరిగిస్తారు. విలువ పెరిగినందుకు వారి నుంచి కొంత వసూలు చేసి కాలువలు, రోడ్లు వేస్తారు. యజమానిని భూమి నుంచి వెళ్లగొట్టరు, ఖజానా మీద మొత్తం భారమూ పడదు. జమాల్‌పూర్ వైపు, సబర్మతి అవతల ఎల్లిస్‌బ్రిడ్జ్ వైపు ఈ పథకాలు నడిచాయి. నది దాటిన కొత్త నగరం ఆ గీతల మీదే పెరిగింది. ప్రీతంనగర్ లాంటి సహకార గృహ సంఘాలు అక్కడ వెలిశాయి.

2015లో అమరావతి కోసం జరిగిన భూసమీకరణ చూసిన మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటుంది. అహ్మదాబాద్‌లో పథకం ప్రతిపాదించింది స్థానిక పురపాలక సంఘం. భూయజమాని తన వార్డు సభ్యుణ్ణి నిలదీయగలిగేవాడు. అమరావతిలో ఆ పని రాష్ట్ర ప్రభుత్వం ఏర్పరచిన ప్రాధికార సంస్థది.

1927 జులైలో గుజరాత్‌ను వరద ముంచెత్తింది. కుండపోత రాత్రి అధ్యక్షుడే ఇల్లు వదిలి బయల్దేరి, ఇంజనీరును వెంటేసుకుని, నిలిచిన నీటికి దారి చేయించారు. ఆ తర్వాత గుజరాత్ పల్లెల్లో సహాయ కార్యక్రమాలు నడిపించారు. మరుసటి ఏడాది అధ్యక్ష పదవి వదిలేశారు. బార్డోలీ రైతుల సత్యాగ్రహం ఆయనను సర్దార్‌ను చేసింది.

ఆయన చేయలేనిది

ఈ కథలో లోటు కూడా ఉంది. నదికి పడమట విశాలమైన ప్లాట్లు దక్కింది మధ్యతరగతికి, సంపన్నులకు. తూర్పున మిల్లు కార్మికుల చాళ్లు చాలావరకు చాళ్లుగానే మిగిలాయి. ప్లాట్లు పంచే పథకం భూమి ఉన్నవాడి లెక్కతో మొదలవుతుంది. భూమి లేనివాడికి అందులో గడి ఉండదు. 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ సంఘం కార్మికుల ఇళ్ల సంగతి ఎత్తుతూనే ఉంది, కానీ మిల్లు యజమానులు, వ్యాపారులు బలంగా ఉన్న నగరంలో ఆ గొంతు వెనకబడింది. గాలి, దారి కోసం కోటగోడను తొలగించాలన్న వాదన వెంట పటేల్ నిలిచారు. గోడ చాలావరకు పోయింది, దర్వాజాలు మిగిలాయి. అదే పాత నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైంది.

మరో చిక్కుముడి కూడా ఉంది. ఐసీఎస్ కమిషనర్‌ను కదిలించిన ఈ మనిషే 1949లో రాజ్యాంగ సభలో ఐసీఎస్ అధికారులకు ఇచ్చిన హామీలను, అఖిల భారత సర్వీసులను గట్టిగా సమర్థించారు. ఇందులో వైరుధ్యం కనిపిస్తుంది గానీ, ఆయన పురపాలక జీవితం తెలిసినవారికి అది అంతగా వింతనిపించదు. అధికారి లేకుండా పాలన లేదని ఆయనకు తెలుసు. ఆ అధికారిని ప్రశ్నించే ఎన్నికైన మనిషి ఎదురుగా ఉండాలన్నదే దరియాపూర్ సభ్యుడిగా ఆయన చూపించింది.

ఆ రెండో సగాన్నే మనం మరిచాం. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, మురికివాడల మెరుగుదలను, ఆర్థిక, సామాజికాభివృద్ధి ప్రణాళికను స్థానిక సంస్థల జాబితాలో చేర్చి మూడు దశాబ్దాలు దాటింది. అయినా విశాఖ మహానగరానికి 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ కాలంలో ఇళ్ల స్థలాల మీద, కాలువల మీద, కాంట్రాక్టుల మీద నిర్ణయాలు ఆగలేదు. కౌన్సిల్ హాలులో ఫైలు తెరిచి ఇది ఎందుకిలా జరిగిందని అడిగే సభ్యుడు మాత్రం లేడు.

పటేల్ 1950 డిసెంబరు 15న బొంబాయిలో కన్నుమూశారు. ఆయన పేరిట ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన విగ్రహం నర్మద ఒడ్డున నిలబడింది. ఆయన రాజకీయ జీవితానికి పునాది మాత్రం ఒక వార్డు సీటు. వార్డు ఎన్నికలను వాయిదా వేసే ప్రతి ప్రభుత్వమూ అలాంటి మరో మనిషి ఎదగగల మెట్టునే తీసేస్తోంది.