వార్డు గెలిచి.. తూటాకు బలై

బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా మునిసిపల్ ఎన్నికలొస్తే మనవాళ్లు ముందు వేసేది వార్డు లెక్కే. ఊరంతటికీ కలిపి ఓటు పెడితే మన గొంతు వినిపించదు. వార్డుల వారీగా అయితే మనకూ ఓ కుర్చీ దక్కుతుంది. సంఖ్యలో తక్కువున్న వాళ్లకు ఈ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో అచ్చం ఇదే లెక్కతో గెలిచిన మనిషి హార్వీ మిల్క్. తాను స్వలింగ ప్రేమికుడినని దాచుకోకుండా నిలబడి, కాలిఫోర్నియాలో ప్రజల ఓటుతో పదవిలోకి వచ్చిన మొదటి వ్యక్తి ఆయనే. ఆ పదవిలో పదకొండు నెలలు కూడా నిండకముందే తూటాలకు బలయ్యారు.

దాచుకున్న రోజులు

మిల్క్ 1930 మే 22న న్యూయార్క్ దగ్గర వుడ్‌మియర్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. 1951లో ఆల్బనీలోని ఉపాధ్యాయ కళాశాలలో లెక్కల్లో డిగ్రీ పూర్తిచేశారు. కొరియా యుద్ధం రోజుల్లో నౌకాదళంలో చేరారు. అధికారులు ఆయన లైంగికతపై ఆరా తీయడంతో 1955లో కొలువు వదులుకోవాల్సి వచ్చింది. తర్వాత బడిలో పాఠాలు చెప్పారు. బీమా కంపెనీలో, వాల్‌స్ట్రీట్‌లో పనిచేశారు. ఎక్కడున్నా తన సంగతి బయటపడకుండా జాగ్రత్తపడాల్సిందే. తెలిస్తే ఉద్యోగం పోయే కాలమది. చాలా రాష్ట్రాల్లో జైలు కూడా తప్పేది కాదు.

కెమెరా కొట్టే పార్టీ ఆఫీసు

1972లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరుకున్నారు. మరుసటేడు క్యాస్ట్రో వీధిలో సహచరుడు స్కాట్ స్మిత్‌తో కలిసి కెమెరా కొట్టు పెట్టారు. వ్యాపారం అంతంతమాత్రమే గానీ, కష్టమొచ్చిన వాళ్లంతా చేరేది అక్కడికే. లారీ డ్రైవర్ల సంఘం కూర్స్ బీరు బహిష్కరణకు పిలుపునిస్తే, తమవాళ్ల బార్లలో ఆ బీరు ఆపించారు. బదులుగా తమవాళ్లకూ డ్రైవర్ ఉద్యోగాలు ఇవ్వాలని సంఘాన్ని అడిగి ఇప్పించారు. పొత్తు ఎలా కుదుర్చుకోవాలో తెలిసిన మనిషి.

1973లో నగర పాలక మండలికి పోటీచేసి ఓడారు. 1975లో ఆరు స్థానాలుంటే ఏడో స్థానంలో ఆగిపోయారు. 1976లో రాష్ట్ర అసెంబ్లీకి నిలబడీ ఓడారు. అయినా వదల్లేదు. అంతవరకూ నగరమంతటికీ కలిపి జరిగే ఎన్నిక 1977లో వార్డుల వారీగా మారింది. ఆ నవంబరులో ఐదో వార్డు నుంచి మిల్క్ గెలిచారు.

ఉద్యోగంలో, ఇల్లు అద్దెకివ్వడంలో స్వలింగ ప్రేమికులపై వివక్ష చూపరాదంటూ 1978లో ఆయన తెచ్చిన చట్టం నెగ్గింది. పదకొండు మంది సభ్యుల్లో వ్యతిరేకించింది ఒక్కడే. అతనే డాన్ వైట్. అంతకుముందు పోలీసు, ఆ తర్వాత అగ్నిమాపక ఉద్యోగి.

అదే ఏడాది స్వలింగ ప్రేమికులను ప్రభుత్వ బడుల్లో టీచర్లుగా ఉండనివ్వరాదని రాష్ట్రవ్యాప్తంగా ఓటింగ్ పెట్టారు. ఒకప్పటి టీచర్ మిల్క్ ఊరూరా తిరిగారు. అమ్మానాన్నలకు, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు మీరెవరో చెప్పండని తనవాళ్లను కోరారు. తమకు తెలిసిన మనిషికి వ్యతిరేకంగా జనం ఓటెయ్యరన్నది ఆయన నమ్మకం. నవంబరు 7న ఆ ప్రతిపాదన చిత్తుగా ఓడింది.

నవంబరు 27

బెదిరింపులు మాత్రం ఆగలేదు. గెలిచిన నెలలోనే ఆయన తన మాటలు టేపులో రికార్డు చేసి ఉంచారు. తనను చంపితేనే వినిపించాలన్నారు. తన చావు చూసైనా దాక్కున్నవాళ్లంతా బయటికి రావాలన్నదే అందులోని కోరిక.

డాన్ వైట్ నవంబరులో పదవికి రాజీనామా చేసి, కొన్నాళ్లకే తిరిగి ఇమ్మన్నాడు. మేయర్ జార్జ్ మాస్కోనీ ఒప్పుకోలేదు. ఇవ్వొద్దని మిల్క్ కూడా గట్టిగా చెప్పారు. 1978 నవంబరు 27న వైట్ తుపాకీతో సిటీ హాలుకు వచ్చాడు. లోహాలను పసిగట్టే యంత్రానికి దొరక్కుండా కింది అంతస్తు కిటికీలోంచి దూరాడు. మొదట మేయర్‌ను కాల్చాడు. మళ్లీ తూటాలు నింపుకొని మిల్క్ దగ్గరికెళ్లాడు. ఐదుసార్లు కాల్చాడు. మిల్క్ వయసు 48.

హత్యకు అప్పటి కారణం పదవి తగాదాయే. కానీ మిల్క్ మనుషుల గుండె రగిలించింది తీర్పు. వైట్ మానసికంగా కుంగిపోయి ఉన్నాడని, చిరుతిళ్లకు అలవాటుపడటమే అందుకు గుర్తని అతని తరఫున వాదించారు. జ్యూరీ దాన్ని హత్యగా కాక, తక్కువ నేరంగా తేల్చింది. రెండు ప్రాణాలకు శిక్ష ఏడేళ్ల ఎనిమిది నెలలు. 1979 మే 21న ఆ తీర్పు రాగానే సిటీ హాలు అద్దాలు పగిలాయి, పోలీసు కార్లు తగలబడ్డాయి. ఆ రాత్రి పోలీసులు క్యాస్ట్రో వీధిలో బారులోకి చొరబడి జనాన్ని కొట్టారు. తెల్లారితే మిల్క్ పుట్టినరోజు. ఆ సాయంత్రం అదే వీధిలో వేలమంది చేరారు. ఈసారి ఒక్క రాయి కూడా పడలేదు.

వైట్ ఐదేళ్లకే, 1984 జనవరిలో బయటికొచ్చాడు. 1985లో ఆత్మహత్య చేసుకున్నాడు. అతన్ని కాపాడిన ఆ వాదనకు తావులేకుండా కాలిఫోర్నియా తన చట్టాన్నే మార్చుకుంది. 2009లో అమెరికా ప్రభుత్వం మిల్క్‌కు అత్యున్నత పౌర పురస్కారం ప్రకటించింది. అందుకోవడానికి ఆయన లేరు. ఆయన గెలిచిన వార్డు మాత్రం మళ్లీ దాక్కోలేదు. మిల్క్ స్థానంలో మేయర్ నియమించిన సభ్యుడూ తాను స్వలింగ ప్రేమికుడినని చెప్పుకొన్నవాడే.