మూసీ వరదనాటి ప్రభువు

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల పల్లెవారికి చెరువుకట్ట విలువను వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువ చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండుతుంది. ఎగువ కట్ట తెగితే దిగువ కట్టకు ముప్పు. వానాకాలపు రాత్రి ఒక ఊరివారు గండి పూడ్చుటకు పరుగెత్తినారంటే అది పొరుగూరి క్షేమం కొరకు కూడా. ఇటువంటి గొలుసు మూసీ ఎగువన తెగినప్పుడు ఏమైనదో 1908లో హైదరాబాదు నగరం చూచినది. ఆనాటి ప్రభువు ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీ ఖాన్.

1866లో జన్మించిన మహబూబ్, తండ్రి మరణించగా మూడేండ్లు నిండకుండానే 1869లో గద్దె నెక్కినారు. మొదటి సాలార్‌జంగు చాలకాలం రాజ్యభారం వహించినారు. 1884లో వైస్రాయి రిప్పన్ సమక్షంలో మహబూబ్ పూర్తి అధికారాలు చేపట్టినారు. పులివేటపైన, ఆడంబరంపైన ఆయనకున్న మోజు లోకవిదితం. దానిని మెచ్చుకొనవలసిన పని లేదు. అయినను పాము కరచినప్పుడు మహబూబ్ పాషా పేరు తలచుకొంటే విషం దిగుతుందని సామాన్యజనం నమ్మినారు.

1908 సెప్టెంబరు చివరివారంలో శంషాబాదు వద్ద ఒక్క రోజులోనే 12 అంగుళాలకు పైగా వాన కురిసినది. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినవి. 28వ తేదీన నది నగరంపై విరుచుకుపడినది. అఫ్జల్ వంతెన కూలినది, పురానాపూల్ నిలిచినది. ఏటి ఒడ్డున పల్లంలో ఉన్న కోల్సావాడి వంటి బస్తీల బీదలే ఎక్కువగా కొట్టుకొనిపోయినారు. మృతులు సుమారు 15,000 మందని అంచనా. అఫ్జల్‌గంజ్ తోటలోని ఒక చింతచెట్టు మీదికి ఎక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడినారు. ఆ కొమ్మలమీద ఎవరూ ఎవరి కులమూ అడిగి ఉండరు.

నిజాము రాజభవనాల తలుపులు తెరిపించి నిలువనీడ లేనివారికి ఆశ్రయం ఇచ్చినారు, అన్నం పెట్టించినారు. సరోజినీ నాయుడు సహాయకార్యాలలో పాటుపడినారు. పండితుల సలహాపై ప్రభువు స్వయంగా ఏటి ఒడ్డుకు వచ్చి, హారతి పట్టి, పట్టుచీర సమర్పించగా మూసీ శాంతించినదని జనశ్రుతి. ఇది నిజమో కాదో తేల్చుట చరిత్రకారుల పని. అయితే నగరంలోని హిందువులు, ముసల్మానులు ఇరువురూ ఆ కథను తమదిగా చెప్పుకొన్నారు. ఎవరి ఇల్లు మునిగినా అందరిదీ ఒకే దుఃఖమైన వారాలలో పుట్టిన కథ అది.

అన్నసత్రాలతో వరద మళ్ళీ రాకుండా ఆగదు గదా! 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించగా, ఆయన ఎగువన జలాశయాలు నిర్మింపవలెనని సూచించినారు. మహబూబ్ వాటిని చూడలేదు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో 45వ ఏట కన్నుమూసినారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో ఆయన కుమారుని కాలంలో పూర్తి అయినవి.