తన చేతులనే అనుమానించిన డాక్టర్

ప్రోగ్రామ్ రన్ అవ్వకపోతే ముందు ల్యాప్‌టాప్‌ని తిడతాం, తర్వాత నెట్‌ని తిడతాం. మన కోడ్‌ని మాత్రం అన్నిటికంటే ఆఖర్న చూసుకుంటాం. ఈ అలవాటు డాక్టర్లకి ఉంటే ఏమవుతుందో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ జీవితం చెబుతుంది.

ఆయన 1818లో హంగరీలోని బుడాలో పుట్టారు. 1846లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ప్రసూతి విభాగం అసిస్టెంట్ అయ్యారు. అక్కడ రెండు వార్డులు. మొదటిది డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు చూసేది. రెండోది మంత్రసానులది. బాలింత జ్వరంతో మొదటి వార్డులో నూటికి సుమారు 10 మంది పోతుంటే, రెండోదాంట్లో సగటున 4 మందే. ఊళ్లో ఆడవాళ్లకి ఈ సంగతి తెలుసు. మొదటి వార్డు వద్దని కాళ్లావేళ్లా పడేవాళ్లు. పెద్ద డాక్టర్లు మాత్రం చెడు గాలి వల్లే అనుకున్నారు. గాలి రెండు వార్డులకీ ఒకటే కదా!

1847 మార్చిలో ఆయన స్నేహితుడు ప్రొఫెసర్ కొలెచ్కా, శవపరీక్షలో స్టూడెంట్ కత్తి గుచ్చుకుని చనిపోయారు. ఆయన శరీరంలో కనిపించినవన్నీ చనిపోయిన బాలింతల్లో కనిపించినవే. అప్పుడు సెమ్మెల్‌వైస్‌కి అర్థమైంది. పొద్దున శవాల్ని కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారు. మంత్రసానులకి శవాలతో పనే లేదు. చాలామంది కంటే ఎక్కువగా శవపరీక్షలు చేసింది తనే. అంటే తన చేతులూ చంపాయి. ఆ నిజాన్ని ఆయన దాచలేదు.

మే నుంచి క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాలని రూల్ పెట్టారు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతానికి దిగాయి. అక్టోబర్‌లో మళ్లీ దెబ్బ. క్యాన్సర్ పుండు ఉన్న ఒకావిడని చూసి, మధ్యలో చేతులు కడగకుండా మిగతావాళ్లని పరీక్షించారు. 12 మందిలో 11 మంది పోయారు. తన రూల్‌లోనే లోపం ఉందని ఒప్పుకుని, ప్రతి పేషెంట్‌కీ ముందు కడగాలని మార్చారు.

కొందరు మెచ్చుకున్నా, చాలామంది పెద్దలు నమ్మలేదు. 1850లో ఆయన పెస్ట్‌కి వెళ్లిపోయి, అక్కడా మరణాలు తగ్గించారు. కానీ పుస్తకం రాసేసరికి 1861 వచ్చింది. ఎదురు చెప్పినవాళ్లని హంతకులన్నారు, ఉన్న మద్దతూ పోగొట్టుకున్నారు. 1865లో పిచ్చాసుపత్రిలో చేర్చిన రెండు వారాలకే, గాయం చీము పట్టి చనిపోయారు. వయసు 47.

వార్డు లెక్కలు అందరి ముందూ ఉన్నాయి. వాటిని చూసి ముందు తన చేతుల వైపు చూసుకున్నది ఆయన.