ఫొటోలో లేని ఆరోవాడు

ముందుగా ఒక తప్పు ఒప్పేసుకుంటా. పోయినేడు ఫెస్ట్‌కి మా బ్యాండ్ పోస్టర్ చేసింది నేనే. అందులో ఐదుగురి ఫొటోలు ఉన్నాయి. స్టేజీ మీద వాయించింది ఆరుగురం. కీబోర్డ్ వాయించినవాడి ఫొటో లేదు. ఐదుగురైతే పోస్టర్‌లో చక్కగా సర్దుకుంటారని అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరు. ఫొటో తీసిన రోజు మేమంతా నల్ల టీషర్టుల్లో వస్తే, వాడు ఇస్త్రీ చేసిన గళ్ళ చొక్కా టక్ చేసుకుని వచ్చాడు. చూడ్డానికి బ్యాండువాడిలా లేడు, బ్యాంకు ఉద్యోగిలా ఉన్నాడు. తీసేశాను. వాడు ఏమీ అనలేదు. ఆ రాత్రి ప్రోగ్రాం అయ్యాక స్టేజీ మీద వైర్లన్నీ చుట్టి సంచిలో పెట్టింది కూడా వాడే.

ఈ సెమిస్టర్ సెలవుల్లో రోలింగ్ స్టోన్స్ గురించి చదువుతుంటే ఇయన్ స్టువర్ట్ అనే పేరు తగిలింది. ఆయన కథ చదివాక గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అందుకే ఇది రాస్తున్నా.

స్టువర్ట్ 1938 జులై 18న స్కాట్లాండ్‌లోని పిటెన్‌వీమ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెరిగింది మాత్రం లండన్ పక్కన సరీలో. ఆరేళ్ళప్పుడు పియానో ముందు కూర్చున్నాడు. పెద్దయ్యేకొద్దీ బూగీ-వూగీ అనే పద్ధతి మీద పడ్డాడు. ఇది అమెరికాలో నల్లజాతి పియానో కళాకారుల చేతుల్లో పుట్టిన బాణీ. ఎడమ చెయ్యి రైలు చక్రాల్లా ఆగకుండా ఒకే ఊపులో తిరుగుతూ ఉంటుంది, కుడి చెయ్యి దాని మీద ఆడుకుంటుంది. ఒక్కసారి వింటే కాలు దానంతట అదే కదులుతుంది. ఆ ఎడమచేతి ఊపు కోసమే ఆయన జీవితమంతా బతికాడంటే అతిశయోక్తి కాదు.

1962 మే నెల. బ్రయాన్ జోన్స్ అనే కుర్రాడు జాజ్ న్యూస్ పత్రికలో ఒక ప్రకటన ఇచ్చాడు. రిథమ్ అండ్ బ్లూస్ వాయించే బ్యాండ్ పెడుతున్నాను, మనుషులు కావాలి అని. అందరికంటే ముందు వచ్చినవాడు స్టువర్ట్. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఆ తర్వాతే వచ్చారు. జులై 12న లండన్ మార్కీ క్లబ్‌లో ఆ బ్యాండ్ మొదటిసారి స్టేజీ ఎక్కింది. పియానో దగ్గర స్టువర్ట్ ఉన్నాడు. అంటే ప్రపంచమంతా తెలిసిన చార్లీ వాట్స్, బిల్ వైమన్ ఇంకా రాకముందే ఆయన రోలింగ్ స్టోన్.

అప్పటికి ఆయన ఐసీఐ అనే పెద్ద రసాయనాల కంపెనీలో గుమాస్తా. మిగతావాళ్ళు చలికి వణుకుతూ ఒక కొంపలో పడి ఉండేవాళ్ళు, ఫోన్ కూడా లేదు. కాబట్టి పత్రికలో బ్యాండ్ పేరు కింద అచ్చయిన ఫోన్ నంబర్ స్టువర్ట్ ఆఫీసుది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంపెనీ పని చేస్తూ, ఆ పక్కనే ఏ క్లబ్‌లో ఏ రోజు వాయించాలో ఆయన మాట్లాడి ఖాయం చేసేవాడు. సామాను మోయడానికి ఒక వ్యాన్ కూడా కొన్నాడు. మన భాషలో చెప్పాలంటే మేనేజరూ ఆయనే, డ్రైవరూ ఆయనే, పియానో వాయించేదీ ఆయనే.

ఇక అసలు మలుపు. 1963 మే మొదట్లో ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హామ్ మేనేజరుగా వచ్చాడు. వయసు పందొమ్మిది. పాట సంగతి తర్వాత, ముందు ఫొటో సంగతి చూడాలి అనే రకం. ఆయన తీర్పు ఏంటంటే, బ్యాండ్‌లో ఆరుగురు ఎక్కువ, జనానికి అన్ని మొహాలు గుర్తుండవు. పైగా స్టువర్ట్ దిట్టంగా ఉంటాడు, దవడ వెడల్పు, వయసులో పెద్ద. మిగతా బక్కపలచటి కుర్రాళ్ళ పక్కన కుదరడు. వయసు మాటకొస్తే, బేస్ వాయించే బిల్ వైమన్ పుట్టింది 1936లో. స్టువర్ట్ కంటే దాదాపు రెండేళ్ళు పెద్ద. ఆయన మాత్రం ఫొటోలో ఉన్నాడు. కాబట్టి కారణం వయసు కాదు, వాయింపు అసలే కాదు. వాలకం.

బ్యాండ్ ఆ మాటకి తలూపింది. స్టువర్ట్‌కి ఇచ్చిన అవకాశం ఇది: స్టేజీ మీద ఉండకు, ఫొటోల్లో ఉండకు, కావాలంటే రోడ్ మేనేజరుగా ఉండు, రికార్డింగుల్లో పియానో వాయించు. ఇంకో నెలలో మొదటి రికార్డు రాబోతోంది. మనలో ఎవరినైనా అడగండి, ఆ క్షణంలో ఏం చేసేవాళ్ళం? నేనైతే వ్యాన్ తాళాలు మొహాన కొట్టి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. ఆయన సరే అన్నాడు. ఉండిపోయాడు. ఇరవై రెండేళ్ళు!

ఈ సరే గురించే నేను చాలా రోజులు ఆలోచించా. మొదట్లో జాలేసింది. ఆత్మగౌరవం లేదా అనిపించింది. ఇంకా చదివితే లెక్క మారింది.

ఎందుకంటే ఆయన పేరుకి పనివాడే గానీ ఎవరికీ లొంగినవాడు కాదు. టూర్లలో హోటళ్ళు చూసేది ఆయనే. ఆయనకి గోల్ఫ్ పిచ్చి. దాంతో ఊరికి దూరంగా, గోల్ఫ్ మైదానం పక్కన హోటల్ తీసుకునేవాడు. ప్రపంచాన్ని ఊపేస్తున్న రాక్ స్టార్లు రాత్రి సరదాగా తిరుగుదామని చూస్తే చుట్టూ గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. మత్తుమందులు ముట్టలేదు. స్టేజీ మీదికి వెళ్ళేటప్పుడు కూడా మామూలు చొక్కాయే.

అన్నిటికంటే నాకు నచ్చింది మైనర్ కార్డ్‌ల గొడవ. సంగీతం తెలియనివాళ్ళ కోసం చిన్న మాట: మేజర్ కార్డ్ వింటే వెలుతురుగా ఉంటుంది, మైనర్ కార్డ్ వింటే కాస్త దిగులుగా ఉంటుంది. స్టువర్ట్‌కి మైనర్ అంటే గిట్టదు. బూగీ-వూగీకి అది పరాయిదని ఆయన నమ్మకం. పాట మధ్యలో మైనర్ వస్తే మీటల మీద నుంచి చేతులు ఎత్తేసేవాడట. 1969 డిసెంబర్‌లో అమెరికాలోని అలబామా రాష్ట్రం మజిల్ షోల్స్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. బ్రౌన్ షుగర్ పాటకి పియానో ఆయనదే. వైల్డ్ హార్సెస్ దగ్గరికి వచ్చేసరికి, మైనర్ కార్డ్‌లున్న ఆ పాటకి ఆయన వాయించలేదు. అక్కడే ఉన్న జిమ్ డికిన్సన్ అనే ఆయన్ని కూర్చోబెట్టుకున్నారు. ఆ పాట ఎంత పెద్ద హిట్టో తెలుసు కదా. స్టువర్ట్‌కి దాని మీద ఆశ లేదు. నచ్చనిది వాయించను, అంతే. ఫొటోలో ఉన్న ఐదుగురికీ లేని స్వేచ్ఛ అది.

మన బ్రాంచ్‌లవాళ్ళకి నచ్చే సంగతి ఇంకోటి ఉంది. రోలింగ్ స్టోన్స్ మొబైల్ స్టూడియో అని ఒక లారీ ఉండేది. దాన్ని తయారు చేయించి నడిపించడంలో ప్రధాన పాత్ర స్టువర్ట్‌దే. లోపల మిక్సింగ్ డెస్క్, టేప్ రికార్డర్లు. ఏదో ఒక ఇంటి ముందు లారీ ఆపి, లోపలికి కేబుళ్ళు లాగితే ఆ ఇల్లే స్టూడియో. గంటల లెక్కన అద్దె కట్టి స్టూడియోలో గడియారం చూసుకుంటూ వాయించే బాధ తప్పింది. 1971లో ఆ లారీ ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవనం ముందు ఆగింది, లెడ్ జెప్పెలిన్ కోసం. లారీతో పాటు వచ్చిన స్టువర్ట్ ఊరుకుంటాడా, వాళ్ళ రాక్ అండ్ రోల్ పాటకి పియానో వాయించాడు. అక్కడ సరదాగా వాయించిన ఇంకో ముక్కని జెప్పెలిన్ వాళ్ళు 1975లో విడుదల చేస్తూ బూగీ విత్ స్టూ అని పేరు పెట్టారు. స్టూ అంటే ఆయన ముద్దుపేరే. సొంత బ్యాండ్ కవర్ మీద మొహం లేదు గానీ, పక్క బ్యాండ్ పాట పేరులోనే ఆయన ఉన్నాడు. 1971 డిసెంబర్‌లో డీప్ పర్పుల్ ఈ లారీని స్విట్జర్లాండ్‌లోని మాంట్రోకి తీసుకెళ్ళింది. అక్కడ క్యాసినో తగలబడటం, దాని మీద స్మోక్ ఆన్ ద వాటర్ పుట్టడం గిటార్ పట్టిన ప్రతివాడికీ తెలిసిన కథే. ఆ పాటలో ఈ లారీ ప్రస్తావన కూడా ఉంది.

ఇలాంటివాళ్ళు స్టువర్ట్ ఒక్కడే కాదు. స్టోన్స్ పాటల్లో మనం మెచ్చుకునే సున్నితమైన పియానో చాలావరకు నికీ హాప్కిన్స్‌ది. ఏంజీ విన్నప్పుడు గుండె పిండేసే ఆ చేతులు ఆయనవే. క్రోన్స్ అనే పేగుల జబ్బుతో బాధపడుతూ, టూర్లు తిరిగే ఓపిక లేక ఎక్కువగా స్టూడియోల్లోనే గడిపాడు. బీటిల్స్, ద హూ, కింక్స్, ఇలా పెద్ద పేర్లన్నిటికీ వాయించాడు. అయినా 1971 నుంచి 1973 దాకా స్టోన్స్‌తో ఊళ్ళు తిరిగాడు. 1994లో యాభై ఏళ్ళకే పోయాడు. ఆయన తర్వాత బిల్లీ ప్రెస్టన్ వచ్చాడు, 1982 నుంచి చక్ లెవెల్ ఉన్నాడు. బిల్ వైమన్ వెళ్ళిపోయాక 1990ల నుంచి బేస్ వాయిస్తున్నది డారిల్ జోన్స్. వీళ్ళు స్టేజీ మీద ఉంటారు, వేలమందికి వినిపిస్తారు. బ్యాండ్ సభ్యులెవరు అంటే మాత్రం ఆ లిస్టులో ఉండరు. వాయించినందుకు డబ్బు వస్తుంది, పేరులో వాటా రాదు. లెవెల్, జోన్స్ లాంటివాళ్ళకి ఈ ఒప్పందం వచ్చేటప్పుడే తెలుసు. స్టువర్ట్ సంగతి అలా కాదు. ఆయన లోపల ఉండి బయటికి పంపబడినవాడు. తను పెట్టిన ఇంట్లోనే అద్దెకున్నవాడు.

స్టేజీకి పూర్తిగా దూరమూ కాలేదు. రాన్రానూ టూర్లలో తనకి నచ్చిన పాటలు వచ్చినప్పుడు ఒక పక్కన పియానో దగ్గర కూర్చునేవాడు. 1970ల చివర్లో మరికొందరితో కలిసి రాకెట్ 88 అనే బ్యాండ్ పెట్టుకుని అచ్చంగా బూగీ-వూగీ వాయించాడు. చార్లీ వాట్స్ ఆ చిన్న బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. స్టేడియాలు నింపే డ్రమ్మర్ వచ్చి క్లబ్‌లో స్టువర్ట్ వెనక కూర్చోవడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది.

1985 డిసెంబర్. కొన్నాళ్ళుగా ఊపిరి సరిగ్గా అందడం లేదు. 12వ తేదీన లండన్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. పిలుపు కోసం బయట గదిలో కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయింది. నలభై ఏడేళ్ళు. ఆ రోజు ఆయన వస్తాడని కీత్ రిచర్డ్స్ ఒక హోటల్లో ఎదురుచూస్తూ ఉన్నాడు.

తర్వాతి ఏడాది స్టోన్స్ డర్టీ వర్క్ అనే ఆల్బమ్‌ని ఆయనకి అంకితమిచ్చారు. చివరి పాట అయిపోయాక అర నిమిషం పాటు ఒక పియానో ముక్క వస్తుంది. స్టువర్ట్ ఒక్కడే వాయిస్తున్నాడు. పాటల లిస్టులో దాని పేరు ఉండదు. 1989లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు స్టోన్స్‌ని చేర్చుకున్నప్పుడు, స్టువర్ట్ పేరు కూడా ఉండాలని బ్యాండ్ పట్టుబట్టింది. 2010లో కీత్ తన ఆత్మకథలో, అది స్టువర్ట్ బ్యాండే అని, తను ఇప్పటికీ ఆయన కిందే పనిచేస్తున్నట్టు ఉంటుందని రాసుకున్నాడు. బాగానే ఉంది. కానీ ఈ మాటలు, ఈ గౌరవాలు అన్నీ ఆయన వినడానికి లేనప్పుడు వచ్చాయి. 1963 మే నెలలో ఒక్కరు గట్టిగా నిలబడి, ఆరుగురం అంటే ఆరుగురమే అని ఉంటే సరిపోయేది. ఆయన పెద్దమనసుతో ఉండిపోయాడు కదా అని, తీసేసినవాళ్ళ తప్పు ఒప్పైపోదు. ఆయన మంచితనం ఆయనది, వాళ్ళ లెక్క వాళ్ళది.

ఇంతా చదివాక మావాడి దగ్గరికి వెళ్ళి పోస్టర్ సంగతి అడిగా. బాధ పడ్డావా అని. దాందేముంది లేరా అని, ఈసారి ఆంప్‌కి కొత్త కేబుల్ కొనాలి, పాతది గుర్రుమంటోంది అన్నాడు. నాకు అక్కడే అర్థమైంది. వాడు బాధపడలేదో, పడి చెప్పలేదో నాకు ఎప్పటికీ తెలియదు. తెలియకపోయినా నేను చేసింది నేను చేసిందే.

ఈ ఏడాది పోస్టర్ కూడా నేనే చేస్తున్నా. ఆరుగురు ఒక వరసలో సరిగ్గా సర్దుకోవడం లేదు, నిజమే. రెండు వరసలు చేశాను. గళ్ళ చొక్కా మీదే ఉంచాను.