జమీందారు కాగితాల్లో మిగిలిన బిషప్పు

పాత పొలం కాగితాలను ఎవరూ సరదాకు చదవరు. కౌలు పత్రాలు, శిస్తు లెక్కలు, సరిహద్దు తగాదాలు, ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారన్న చిట్టాలు, వాటిలో ఉండేవి ఇవే. వేల్స్ దేశంలోని అబెరిస్ట్‌విత్ పట్టణంలో ఉన్న జాతీయ గ్రంథాలయం ఇలాంటి జమీందారీ కాగితాలను ఎన్నో భద్రపరచింది. ఉత్తర వేల్స్‌లో గ్విడిర్ ఎస్టేటును ఏలిన విన్ వంశంవారి ఉత్తరాలు వాటిలో పేరుపొందినవి. 1515 నుండి 1690 వరకు ఉన్న ఆ కాగితాల వివరపట్టికను గ్రంథాలయమే 1926లో అచ్చు వేయించింది. ఆ కట్టల్లో ఒక బిషప్పుకూ ఒక జమీందారుకూ నడిచిన తగాదా ఉంది. జమీందారు పేరు జాన్ విన్. బిషప్పు పేరు విలియం మోర్గన్. వెల్ష్ ప్రజలకు వారి సొంత భాషలో మొదటిసారి పూర్తి బైబిలును అందించిన దైవజనుడు ఈయనే.

మోర్గన్ సుమారు 1545లో పెన్‌మాఖ్‌నో దగ్గరి కొండ లోయలో పుట్టారు. తండ్రి గ్విడిర్ ఎస్టేటులో కౌలుదారు. చురుకైన పిల్లవాడని గమనించిన జమీందారు కుటుంబం, తమ పిల్లలతోపాటు ఆయనకూ చదువు చెప్పించినట్టు తెలుస్తోంది. అక్కడి నుండి 1565లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లి, హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకున్నారు. కౌలు రైతు కొడుకుకు ఆ రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. ఆ ఉపకారాన్ని ఆయన మరచిపోలేదు. విన్ వంశంవారు కూడా మరచిపోలేదు.

అప్పటి వేల్స్ పరిస్థితి విచారకరంగా ఉంది. ఆరాధన లాటిన్ నుండి ఇంగ్లీషుకు మారింది గాని, సామాన్యుల్లో అత్యధికులకు రెండూ అర్థం కావు. బైబిలును, ప్రార్థన పుస్తకాన్ని వెల్ష్ భాషలోకి తర్జుమా చేయించాలని 1563లో పార్లమెంటు చట్టం చేసింది. 1567లో విలియం సేల్స్‌బరీ, మరి ఇద్దరి సహాయంతో, కొత్త నిబంధనను అచ్చు వేయించాడు. ఆయన గొప్ప పండితుడే. అయితే పదాలను వాటి లాటిన్ మూలాలు కనిపించేలా రాయడంతో, ఆ పుస్తకాన్ని పైకి చదవడం పాదిరులకు కష్టమైంది. పాత నిబంధన పని ఆగిపోయింది.

1578లో మోర్గన్ లాన్‌రైయాడర్ అనే కొండ గ్రామానికి పాదిరిగా వచ్చారు. పాత నిబంధన తర్జుమాలో అత్యధిక భాగం అక్కడే చేశారు. అది ప్రశాంతమైన ఏకాంతవాసం అనుకోకండి. ఊరి పెద్దలతో ఆయనకు కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. వస్త్రాల కింద చిన్న పిస్తోలు పెట్టుకుని తిరిగేవారని ఆ వ్యాజ్యాల కాగితాలు చెబుతున్నాయి. పరిశుద్ధ గ్రంథాన్ని తర్జుమా చేసిన చేయి కూడా మన చేతుల్లాంటి చేయే.

పని పూర్తయ్యాక ఆర్చిబిషప్పు విట్‌గిఫ్ట్ ప్రోత్సాహంతో ఆయన లండన్ వెళ్లారు. అచ్చు కూర్చేవారికి వెల్ష్ రాదు కాబట్టి దగ్గరుండి ప్రతి పుటా దిద్దుకోవలసి వచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ డీను గేబ్రియెల్ గుడ్‌మన్ తన ఇంట్లో చోటిచ్చి ఆదరించాడు. అలా 1588లో, స్పెయిన్ నౌకాదళం ఇంగ్లండు మీదికి వచ్చిన సంవత్సరంలోనే, వెల్ష్ బైబిలు వెలువడింది. సేల్స్‌బరీ కొత్త నిబంధననే ఆధారం చేసుకుని, దాని భాషను చదవడానికి వీలుగా సరిదిద్దారు. ఆ ముందువాని ఋణాన్ని తన ముందుమాటలో ఒప్పుకున్నారు కూడా. కోర్టుల్లో చెల్లని భాషకు ఆరాధనలో పీఠం దొరికింది. వెల్ష్ భాష నేటికీ బ్రతికి ఉందంటే దానికి ఈ బైబిలు ఒక ముఖ్య కారణమని చరిత్రకారులు చెబుతారు.

1595లో మోర్గన్ లాండాఫ్ బిషప్పు అయ్యారు. 1601లో ఉత్తరాన సెయింట్ ఆసఫ్‌కు వచ్చారు. అక్కడే పాత ఋణం ఎదురొచ్చింది.

గ్విడిర్ పక్కనే ఉన్న లాన్‌రూస్ట్ సంఘానికి దశమభాగాల రాబడి ఉండేది. ఆ రాబడిని తనకు కౌలుకు ఇవ్వమని జాన్ విన్ బిషప్పును అడిగాడు. ఆ కాలంలో ఇది వింత కోరిక కాదు. జమీందారు సంఘానికి కొద్దిపాటి కౌలు చెల్లించి, ఊరివారు ఇచ్చే ధాన్యం, గొర్రెపిల్లలు, ఉన్ని వంటి రాబడిని తాను తీసుకునేవాడు. చాలామంది బిషప్పులు స్నేహం కోసమో భయం వల్లనో ఇలా రాసిచ్చారు. మోర్గన్ ఇవ్వనన్నారు. అలా ఇస్తే వాక్యం బోధించేవారి పోషణ దెబ్బతింటుందని, తన మనస్సాక్షి ఒప్పుకోదని ఉత్తరం రాశారు.

జాన్ విన్‌కు కోపం వచ్చింది. మా ఇంటి నీడలో పెరిగి, మా సహాయంతో పైకి వచ్చి, చివరికి ఇంత కృతఘ్నతా అని ఆయన బాధ. ఆయనను దుర్మార్గుడని అనలేము. తరువాతి కాలంలో లాన్‌రూస్ట్‌లో బీదవృద్ధులకు ఆశ్రమాన్ని, పిల్లలకు బడిని స్థాపించినవాడు. తాను చేసిన మేలుకు ప్రతిఫలం ఆశించాడు, అంతే. మోర్గన్ ఆ మేళ్లను కాదనలేదు. అయితే వాటికి బదులుగా ఇవ్వమంటున్నది తన సొంత సొమ్ము కాదు. నాబోతు ద్రాక్షతోట లాగా, అది అమ్ముకోవడానికి కాక కాపాడడానికి తన చేతికి వచ్చిన స్వాస్థ్యం.

ఆ చివరి రోజుల్లోనే ఇంకొక నష్టం జరిగింది. తన కొత్త నిబంధనను మోర్గన్ మళ్లీ సవరించి, అచ్చుకు సిద్ధం చేసి లండన్‌కు పంపారు. 1603లో లండన్‌లో తెగులు చెలరేగింది. ప్రచురణకర్త థామస్ సాల్స్‌బరీ ప్రాణభయంతో నగరం విడిచి పారిపోయాడు. ఆ గందరగోళంలో రాతప్రతి పోయింది, మళ్లీ దొరకలేదు. 1604 సెప్టెంబరు 10న మోర్గన్ ప్రభువునందు నిద్రించారు. బిషప్పుగా ఉండి కూడా బీదవానిగానే వెళ్లిపోయారు. ఆయన తరువాత వచ్చిన బిషప్పు రిచర్డ్ పారీ, పండితుడు జాన్ డేవీస్ కలిసి సవరించిన బైబిలు 1620లో వచ్చింది. మూడు వందల ఏళ్లకు పైగా వెల్ష్ సంఘాలు చదివింది దానినే.

జాన్ విన్ కూడా రచయితే. తన వంశ చరిత్రను, తన కాలపు ప్రముఖుల జ్ఞాపకాలను రాసుకున్నాడు. ఆయన 1627లో చనిపోయేనాటికి అవేవీ అచ్చు కాలేదు. వంశ చరిత్ర 1770లో గాని వెలుగు చూడలేదు. ఆ జ్ఞాపకాల్లో మోర్గన్ ప్రస్తావన ఉంది. సేల్స్‌బరీ శ్రమను వాడుకుని పేరంతా తానే పొందాడన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. కాని గ్రీకు, హెబ్రీ తెలిసిన పండితుడని, సెయింట్ ఆసఫ్ ఆలయపు పైకప్పును బాగుచేయించాడని, పేదవాడిగా చనిపోయాడని కూడా ఆ జమీందారే రాశాడు. కోపం తీరని మనిషి కలం నుండి వచ్చిన సాక్ష్యం కాబట్టి దానిని మరింత నమ్మవచ్చు.

ప్రియ పాఠకులారా, బిషప్పు ప్రాణం పెట్టి సవరించిన రాతప్రతి పోయింది. ఆయన ఇవ్వనన్న మాట మాత్రం, ఆ మాటకు నొచ్చుకున్న వాని ఇంటి కాగితాల్లోనే నేటివరకు నిలిచింది. మన సంఘాల్లోనూ స్థలాలున్నాయి, అద్దెలున్నాయి, కానుకలున్నాయి. మనకు మేలు చేసిన పెద్దలూ ఉన్నారు. వారికి కృతజ్ఞులమై ఉండవలసిందే. వారి ఇంటికి వెళ్దాం, వారి కష్టంలో నిలబడదాం, మన సొంత జేబులోనుండి ఇద్దాం. కాని సంఘపు స్థలాన్ని చవక కౌలుకు రాసిచ్చి ఆ ఋణం తీర్చుకోవద్దు. ఈ వారం మీ సంఘ కమిటీ ముందుకు అలాంటి కాగితం ఏదైనా వస్తే, సంతకం చేసే ముందు లాన్‌రూస్ట్ సంగతి ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.