గ్లెన్ కర్టిస్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున క్యూకా అను సన్నని పొడవైన సరస్సు కలదు. దాని దక్షిణపు కొసను, ద్రాక్షతోటలతో నిండిన కొండల నడుమ, హామండ్స్‌పోర్టు అను చిన్న గ్రామమున్నది. ఆ గ్రామమున 1878 వ సంవత్సరము మే నెల 21 వ తేదీన గ్లెన్ హామండ్ కర్టిస్ జన్మించెను. తండ్రి జీనులు, కళ్ళెములు మొదలగు గుఱ్ఱపు సామగ్రి తయారుచేసి అమ్ముకొని జీవించువాడు. రోడ్లమీద గుఱ్ఱము లేని బండి మిక్కిలి అరుదైన కాలమది.

గ్లెన్ అయిదేండ్లవాడైనను కాకమునుపే తండ్రి గతించెను. ఆ దుఃఖము తీరకముందే మరియొక యాపద వచ్చెను. అతని చెల్లెలు రూథాకు బాల్యమున మెదడు పొరలకు సంబంధించిన జ్వరము సోకెను. ప్రాణము దక్కెను గాని వినికిడి పోయెను. చెవిటి పిల్లలకు చదువు నేర్పు పాఠశాల రోచెస్టరు నగరమున ఉండుటచేత కుటుంబము అచటికి తరలిపోయెను. ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాటలను గ్రహించుట ఆ బాలిక అచట నేర్చుకొనెను. అన్నకు మాత్రము చదువు సాగలేదు. ఈ పుస్తకము చదువుచున్న విద్యార్థులు ఏ తరగతిలో నున్నారో, ఆ తరగతితోనే గ్లెన్ బడి చదువు ముగిసిపోయెను. ఇల్లు గడువవలెను గదా!

రోచెస్టరులో ఫొటోగ్రాఫు ఫిల్ములు తయారుచేయు ఈస్ట్‌మన్ కర్మాగారమున అతనికి పని దొరకెను. ఫిల్ములకు చుట్టెడి కాగితముపై అంకెలు వేయుట ఆ పని. ఒక్కొక్క కాగితమునకు ఒక్కొక్క అంకె వేయుచు రోజంతయు గడపుట గ్లెన్‌కు నచ్చలేదు. అతడు చిల్లుల అచ్చు నొకదానిని కల్పించి, అనేక కాగితములపై ఒకేసారి అంకెలు పడునట్లు చేసెను. కర్మాగారమువారు దానిని వాడుకలోనికి తెచ్చిరి. అయినను నాలుగు గోడల మధ్య కూర్చుండి చేయు పని అతనికి గిట్టలేదు. కొంతకాలమునకు దానిని మాని, తంతి వార్తలను ఇంటింటికి చేరవేయు బంట్రోతుగా చేరెను. ఆ యుద్యోగమునకు కావలసినది సైకిలు. అతని జీవితమును మలుపు త్రిప్పినదియు ఆ సైకిలే.

అంతకు కొద్ది సంవత్సరములకు పూర్వమే సైకిలు నేటి రూపమును పొందెను. ముందొక పెద్ద చక్రము, వెనుకొక చిన్న చక్రము గల పాత వాహనము పోయి, రెండును సమానమైన చక్రములు, వెనుక చక్రమును త్రిప్పెడి గొలుసు, గాలి నింపిన టైర్లు గల సైకిలు వచ్చెను. దేశమంతట సైకిలు పందెములు సాగుచుండెను. గ్లెన్ పొడవుగా, సన్నగా, మితభాషియై యుండెడివాడు. కాని పందెములో దిగెనా, ముందుకు వంగి, శరీరమును దాచుకొని, గాలికి అడ్డము లేకుండ దూసికొనిపోవుచుండెను. హామండ్స్‌పోర్టుకు మరలివచ్చిన పిమ్మట ఆ ప్రాంతపు పందెములలో అతనికి పేరు వచ్చెను. 1898 లో లీనా నెఫ్ అను కన్యను వివాహమాడెను. సైకిళ్ళను బాగుచేయు పనిలో చేరి, త్వరలోనే స్వంత దుకాణము తెరచెను. పిదప తానే సైకిళ్ళను నిర్మించి హెర్క్యులిస్ అను పేరుతో అమ్మసాగెను.

మరమ్మతు దుకాణము ఎవరికైనను మంచి బడి. ఎవని సైకిలు ఎచట విరిగినదో, ఎందుకు విరిగినదో అచట కన్నులార చూడవచ్చును. ఏ గొట్టము బరువును మోయునో, ఏ యతుకు ముందుగా విడిపోవునో, ముందు చక్రమును పట్టియుంచు ఫోర్కు గతుకులలో ఎట్లు వంగునో కర్టిస్ చేతులతోనే నేర్చుకొనెను. ఒక సైకిలు చట్రము, మరియొకదాని చక్రములు, వేరొకదాని హ్యాండిలు తెచ్చి కూర్చి, పూర్వముకంటె మంచిదానిని చేయుట అతనికి వెన్నతో బెట్టిన విద్య యయ్యెను.

అయితే కొండప్రాంతపు దారులలో సైకిలు త్రొక్కువాని కాళ్ళకు ఎంత శ్రమ! ఆ శ్రమను ఇంజనుచే మోయించిన బాగుండునని కర్టిస్‌కు తోచెను. 1901 ప్రాంతమున అతడు బఫెలో నగరమునందలి థామస్ కంపెనీనుండి ఒక చిన్న పెట్రోలు ఇంజను విడిభాగములను తెప్పించెను. వచ్చినవి పోతపోసిన ముడి లోహపు ముక్కలు మాత్రమే. వాటిని అరగదీసి, తొలిచి, చిల్లులు పెట్టి, అమర్చుకొనుట కొన్నవాని పని. ఎట్లమర్చవలెనో తెలుపు కాగితమైనను వానితో రాలేదు. పెట్రోలును ఆవిరిగా మార్చి గాలితో కలిపి ఇంజనులోనికి పంపెడి కార్బురేటరు అసలే లేదు. దుకాణమున టమేటాలు వచ్చిన ఖాళీ రేకుడబ్బా యొకటి పడియుండెను. కర్టిస్ దానిలో పెట్రోలు పోసి, సన్నని జల్లెడగుడ్డను అమర్చెను. పెట్రోలు ఆ గుడ్డ పోగుల వెంబడి, దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు పైకి ప్రాకి, గాలి తగిలి ఆవిరి యగుచుండెను. విమానయంత్రముల చరిత్రలో గొప్ప పేరు పొందినవాని మొదటి కార్బురేటరు ఈ టమేటా డబ్బాయే!

ఆ యింజనును సైకిలు చట్రమునకు బిగించి వీథిలోనికి తెచ్చినప్పుడు గ్రామస్థులు గుమిగూడి వినోదము చూచిరి. ఇంజను దగ్గును, తుమ్మును, ఆగిపోవును. కర్టిస్ మరల త్రొక్కును. ఎట్టకేలకు అది నడచెను గాని దాని బలము చాలలేదు. ఎత్తు వచ్చినంతనే కాళ్ళకు పని తప్పదయ్యెను. అతడు మరింత పెద్ద ఇంజను భాగములను తెప్పించెను. దానికి బలమున్నది గాని, మనిషి బరువును మోయుటకు చేసిన సన్నని గొట్టముల చట్రము ఆ బరువును, ఆ యదురును ఓర్వజాలకపోయెను. చిన్నది నడువదు, పెద్దది నిలువదు. ఇట్లు రెండుసార్లు విఫలుడైన పిదప కర్టిస్ పరుల యింజనులపై ఆధారపడుట మానివేసెను. తేలికగాను బలముగాను ఉండు ఇంజనును తానే గీచి, దానికి తగినట్లు చట్రమును బలపరచి, రెండింటిని ఒక్క వస్తువుగా భావించి నిర్మించెను. ఇంతకుముందు అతడు సైకిలుకు ఇంజను తగిలించెను; ఇప్పుడు మోటారు సైకిలును చేసెను. రెంటికిని భేదము కలదు.

ఆ రోజులలోనే అతనికి గర్భశోకము కలిగెను. మొదటి కుమారుడు పసితనముననే మరణించెను. కర్టిస్ దానిని గురించి ఎవరితోడను ఎక్కువగా మాటాడలేదు. కొట్టులో దీపము మాత్రము రాత్రి చాల ప్రొద్దుపోవువరకు వెలుగుచుండెను.

1903 లో న్యూయార్కు నగర సమీపమున జరిగిన కొండయెక్కు పందెములోను, పది మైళ్ళ పందెములోను అతడు తన వాహనముపైననే గెలిచెను. మరుసటి సంవత్సరము జనవరిలో ఫ్లారిడాలోని ఆర్మండ్ సముద్రతీరమున పది మైళ్ళను తొమ్మిది నిమిషములకు లోపుగానే దాటెను. కొనువారి యుత్తరములు హామండ్స్‌పోర్టుకు రాసాగెను. కొట్టు కర్మాగారమయ్యెను. థామస్ బాల్డ్విన్ అను బెలూను విన్యాసకుడు కాలిఫోర్నియాలో కర్టిస్ మోటారు సైకిలు నొకదానిని చూచి, అట్టి యింజనును తెప్పించి తన గాలియోడకు అమర్చెను. 1904 లో ఆ యోడ ఎగిరెను. ఈ విధముగా సైకిలు ఇంజను ఆకాశమునకు చేరినది. కర్టిస్ మనస్సు మాత్రము ఇంకను నేలమీదనే యుండెను.

1907 వ సంవత్సరము జనవరిలో అతడు మరల ఆర్మండ్ తీరమునకు ఒక విచిత్ర వాహనమును తెచ్చెను. గాలిలో ఎగురు యంత్రములకై చేసిన ఎనిమిది సిలిండర్ల యింజను అతనియొద్ద నుండెను. దాని బలము నలుబది గుఱ్ఱముల బలము. అది ఎంత వేగము నీయగలదో చూడవలెనని అతనికి బుద్ధి పుట్టెను. అంత పెద్ద ఇంజనును సాధారణమైన చట్రము పట్టదు. అందుచేత పొడవైన చట్రమును కట్టి, రెండు చక్రముల నడుమ దానిని బిగించెను. పట్టీ గాని గొలుసు గాని అంత బలమునకు తెగిపోవునని తలచి, ఇంజను నుండి వెనుక చక్రమునకు ఇనుప కడ్డీని, పండ్ల చక్రములను అమర్చెను. అలంకారమనునది లేదు. అవసరము లేని మేకు ఒక్కటియు లేదు. చూచువారికి అది ఇంజనుపై కూర్చున్న మనిషి వలె నుండెనే గాని వాహనము వలె నుండలేదు.

తడిసి గట్టిపడిన ఇసుకపై కర్టిస్ చట్రమునంటుకొని పరుండెను. వేగము పుంజుకొనుటకు రెండు మైళ్ళు, కొలతకు ఒక మైలు, నిలుచుటకు మరియొక మైలు. కొలత మైలును అతడు ఇరువదియారున్నర సెకనులకు లోపుగానే దాటెను. అనగా గంటకు నూట ముప్పదియారు మైళ్ళకు పైబడిన వేగము. అప్పటికి భూమిపై ఏ వాహనమందును ఏ మనుష్యుడును అంత వేగముగా పోయియుండలేదు. మరల పరుగెత్తింపగా ఇంజనును చక్రమును కలుపు కడ్డీ కీలు విరిగిపోయెను. ఆ వేగమున తెగిన యినుపకడ్డీ కాళ్ళ ప్రక్కనే గిరగిర తిరుగుచుండ, చట్రము వంగిపోవుచుండ, కర్టిస్ చేయి వదలక, తొట్రుపడక, వాహనమును మెల్లగా నిలిపెను. దెబ్బ తగులలేదు. ఆ వేగము అధికార ప్రమాణముగా లెక్కకు ఎక్కలేదు. కొలుచు పద్ధతి నియమములకు సరిపోలేదట. అతడు దానికి వగచినట్లు కానరాదు. ఆ వాహనమును మరల పందెమునకు తేలేదు.

తరువాతి చరిత్ర ప్రపంచము బాగుగ నెరిగినదే కావున క్లుప్తముగ చెప్పుదును. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1907 లో విమాన ప్రయోగములకై స్థాపించిన సంఘములో కర్టిస్ చేరెను. 1908 జులై 4 వ తేదీన జూన్ బగ్ అను విమానమును అతడు స్వగ్రామమున, జనసమూహము చూచుచుండగా, అయిదువేల అడుగుల దూరము నడపి బహుమానము పొందెను. ఆ విమానమున ఒక విశేషము కలదు. నడపువాడు ఏ ప్రక్కకు ఒరగినచో, భుజములకు తగిలించిన చట్రము వలన రెక్కల కొసలనున్న చిన్న పలకలు కదలి విమానమును సరిచేయును. మలుపున సైకిలు నడపువాడు ఒరుగుట చూచినవారికి ఈ యుపాయము ఎచటిదో చెప్పనక్కరలేదు. 1909 లో ఫ్రాన్సులోని రీమ్స్ నగరమున వేగపు పందెములో గెలిచెను. 1910 మే 29 న ఆల్బనీ నుండి న్యూయార్కు వరకు హడ్సన్ నది వెంబడి, దారిలో దిగుచు, సుమారు నూటయేబది మైళ్ళు ఎగిరి పదివేల డాలర్ల బహుమానమందెను. నీటిపై వాలి నీటినుండి లేచు విమానమును 1911 లో నడపిచూపెను.

ఆ రెక్కల పలకలే వివాదమునకు కారణమయ్యెను. విమానమును ప్రక్కలకు ఒరగనీయక నిలుపు పద్ధతిపై తమకు హక్కు కలదని రైట్ సోదరులు 1909 లో న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. వారును సైకిలు దుకాణదారులే యని పాఠకులకు తెలియును. 1912 లో విల్బర్ రైట్ విషజ్వరముచే మరణించెను. 1914 లో తీర్పు రైట్ల పక్షమున వచ్చెను.

ఇచట కర్టిస్ చేసిన ఒక పనిని దాచరాదు. స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శిగా నుండిన లాంగ్లీ పండితుడు 1903 లో ఒక విమానమును నిర్మింపగా అది రెండు పర్యాయములు పొటోమాక్ నదిలో కూలిపోయెను. దాని పాత చట్రము మిగిలియుండెను. 1914 లో ఆ సంస్థ దానిని కర్టిస్‌కు అప్పగించెను. కర్టిస్ దానిని బాగుచేసెను; అంతతో ఆగక రెక్కల వంపును, ఆధారపు కట్లను మార్చెను; తేలుటకు పడవ దిమ్మలను తగిలించెను. క్యూకా సరస్సుపై అది నీటిని వదలి కొద్ది దూరము ఎగిరెను. రైట్లకంటె ముందే ఎగురగల విమానము ఉండెనని ఋజువైనచో వ్యాజ్యమున కర్టిస్‌కు లాభమగును. ఆ సంస్థయో, జరిగిన మార్పులను స్పష్టముగ చెప్పక, ఎగురగల మొదటి విమానమని దానిని ప్రదర్శించెను. పాత చట్రమును తెచ్చి, మార్చి, నూతన వస్తువును చేయుట కర్టిస్ బాల్యమునుండి నేర్చిన విద్య. సైకిలు విషయమున అది నేర్పు. కాని మార్చినదానిని మార్చనిదిగా లోకము నమ్ముచుండగా ఊరకుండుట న్యాయము కాదు. ఓర్విల్ రైట్ మనసు విరిగి 1928 లో తమ తొలి విమానమును లండను నగరపు ప్రదర్శనశాలకు పంపివేసెను. స్మిత్‌సోనియన్ సంస్థ 1942 లో తన మాటను సవరించుకొనెను. 1948 లో గాని ఆ విమానము స్వదేశమునకు తిరిగి రాలేదు. అప్పటికి కర్టిస్ లేడు, ఓర్విల్ లేడు.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున కర్టిస్ కర్మాగారములు వేలకొలది విమానములను తయారుచేసెను. అమెరికా వైమానికులలో అనేకులు జెన్నీ యను అతని విమానముపైననే ఎగురుట నేర్చిరి. యుద్ధానంతరము అతడు ఫ్లారిడాలో నివసించి నగర నిర్మాణమునందు ఆసక్తి చూపెను. చివరి దినములలో అతని బుద్ధి మరల చక్రములవైపు మరలెను; కారు వెనుక తగిలించి లాగించు ఇంటిబండిని రూపొందించెను. 1929 లో కర్టిస్ పేరిటి కంపెనీయు, రైట్ పేరిటి కంపెనీయు కలసిపోయెను. ఒకరినొకరు న్యాయస్థానమున కెక్కించుకొన్నవారి పేర్లు ఒక్క పలకపైకి చేరినవి.

1930 జులై 23 వ తేదీన, బఫెలో నగరమున, ఆంత్రకణితి శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకు, కర్టిస్ హఠాత్తుగ మరణించెను. అప్పుడతని వయస్సు 52 సంవత్సరములు. హామండ్స్‌పోర్టు సమీపమున అతనిని సమాధి చేసిరి. ఆర్మండ్ ఇసుకపై పరుగెత్తిన ఎనిమిది సిలిండర్ల వాహనము స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో చేరినది. దాని చట్రమును, ఫోర్కును, రెండు సన్నని చక్రములను చూచినచో, ఇంజను ఒక్కటి తీసివేసినయెడల, అది హామండ్స్‌పోర్టు దుకాణములో బాగుచేయుటకు తెచ్చిన సైకిలువలెనే కనబడును.