చార్లెస్ గుడ్‌ఇయర్

చార్లెస్ గుడ్‌ఇయర్ (డిసెంబరు 29, 1800 - జూలై 1, 1860) అమెరికాకు చెందిన ఆవిష్కర్త. పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి దృఢపరచే పద్ధతిని కనుగొన్నాడు. ఈ ప్రక్రియను వల్కనైజేషన్ అంటారు. టైర్ల పరిశ్రమకు ఇదే పునాది. ఇంతటి ఆవిష్కరణ చేసినప్పటికీ ఈయన జీవితం అప్పులతోనే గడిచి, అప్పులతోనే ముగిసింది.

తొలి జీవితం

గుడ్‌ఇయర్ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో జన్మించాడు. తండ్రి అమాసా గుడ్‌ఇయర్ వ్యవసాయ పనిముట్లు, బొత్తాలు తయారుచేసేవాడు. 1824లో క్లారిస్సా బీచర్‌ను వివాహమాడాడు. ఫిలడెల్ఫియాలో ఇనుప సామాను దుకాణం నడిపి, 1830 ప్రాంతంలో దివాలా తీశాడు. అప్పులు తీర్చలేనివారిని ఆ కాలంలో జైలులో ఉంచేవారు. ఈయన పలుమార్లు ఆ శిక్ష అనుభవించాడు. రబ్బరుపై తొలి ప్రయోగాలు కూడా జైలులోనే మొదలయ్యాయి.

రబ్బరుతో ప్రయోగాలు

అప్పట్లో రబ్బరు వస్తువులు వేసవిలో కరిగి జిగురుగా మారేవి, చలికాలంలో పెళుసుబారి పగిలేవి. 1834లో న్యూయార్క్‌లోని ఒక రబ్బరు కంపెనీ దుకాణంలో ఈ సమస్యను తెలుసుకున్న గుడ్‌ఇయర్ దాని పరిష్కారానికి పూనుకున్నాడు. మెగ్నీషియా, సున్నం, నత్రికామ్లం వంటివాటితో ప్రయత్నించాడు. నత్రికామ్ల పద్ధతికి 1837లో పేటెంటు లభించింది. అయితే ఆ పద్ధతిలో ప్రభుత్వం కోసం తయారుచేసిన తపాలా సంచులు వేడికి పాడైపోయాయి. ఆమ్లం రబ్బరు పైపొరను మాత్రమే మార్చగలగడం ఇందుకు కారణం.

రబ్బరులో గంధకం వాడిన నథానియెల్ హేవర్డ్ నుండి ఆ పద్ధతి హక్కులను గుడ్‌ఇయర్ కొన్నాడు. 1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినప్పుడు కరగకుండా తోలువలె గట్టిపడటం గమనించాడు. ఈ సంఘటన యాదృచ్ఛికమే అయినా, దాని ప్రాముఖ్యాన్ని గుర్తించగలగడానికి ఐదేళ్ళ కృషి తోడ్పడింది. గంధకం పాళ్ళు, ఉష్ణోగ్రత, సమయం నిర్ధారించడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

టైర్ల తయారీలో ఉపయోగం

రబ్బరులోని పొడవైన అణువుల గొలుసులు ఒకదానిపై ఒకటి జారుతూ ఉంటాయి. వేడిచేసినప్పుడు గంధకం ఆ గొలుసుల మధ్య వంతెనలు ఏర్పరుస్తుంది. అందువలన రబ్బరు సాగినా తిరిగి తన ఆకారానికి వస్తుంది. టైర్ల కర్మాగారంలో ఈ దశను క్యూరింగ్ అంటారు. పొరలన్నీ పేర్చిన పచ్చి టైరును ఉక్కు అచ్చులో ఉంచుతారు. లోపల బ్లాడర్ అనే రబ్బరు సంచిని ఆవిరితో గాని, వేడినీటితో గాని ఉబ్బించి, టైరును అచ్చుకు గట్టిగా అదుముతారు. టైరుపై గాడులు, అక్షరాలు అప్పుడే ఏర్పడతాయి. కారు టైరుకు సుమారు 150 నుండి 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 నుండి 15 నిమిషాలు పడుతుంది. పెద్ద టైర్లకు గంటలు పడుతుంది. సమయం చాలకపోతే రబ్బరు మెత్తగా ఉండిపోతుంది, ఎక్కువైతే బలం తగ్గుతుంది. ఒకసారి క్యూరింగ్ అయిన రబ్బరును తిరిగి కరిగించి పోతపోయలేము. పాత టైర్ల పునర్వినియోగం కష్టమవడానికి ఇదే ముఖ్య కారణం.

పేటెంటు వివాదాలు

గుడ్‌ఇయర్‌కు అమెరికా పేటెంటు 1844 జూన్ 15న లభించింది. అప్పటికే ఇంగ్లండులో థామస్ హాంకాక్ 1843లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రోమన్ల అగ్నిదేవుడైన వల్కన్ పేరు మీదుగా ఈ ప్రక్రియకు పేరుపెట్టినది హాంకాక్ మిత్రుడు విలియం బ్రాకెడన్. 1852లో అమెరికాలో హోరేస్ డేపై జరిగిన వ్యాజ్యంలో గుడ్‌ఇయర్ తరఫున డేనియల్ వెబ్‌స్టర్ వాదించి గెలిపించాడు. అయినా ప్రదర్శనలకు, ప్రయోగాలకు, వ్యాజ్యాలకు ఆదాయాన్ని మించి ఖర్చయింది.

చివరి రోజులు

1855లో పారిస్ ప్రదర్శనలో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ ఈయనను సత్కరించాడు. అదే సంవత్సరం అప్పుల కారణంగా అదే నగరంలో జైలుపాలయ్యాడు. 1860లో న్యూయార్క్‌లో మరణించేనాటికి సుమారు 2 లక్షల డాలర్ల అప్పు మిగిలింది. మోటారు కారును ఆయన చూడలేదు. 1898లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఫ్రాంక్ సైబర్లింగ్ స్థాపించిన గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీకి ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారు. ఆ కంపెనీతో ఆయనకు గాని, ఆయన కుటుంబానికి గాని సంబంధం లేదు.